కూలి లెక్కలో చేరని ఎండ

ఖరగ్‌పూర్: పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణానికి చేరువలో ఉన్న కలైకుండ వైమానిక స్థావరంలో 2024 ఏప్రిల్ 30న పగటి ఉష్ణోగ్రత 47.2 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఆ కాలానికి ఉండవలసిన దానికంటే ఇది 10 డిగ్రీలకు పైగా అధికం. అయితే వాతావరణ శాఖ ప్రకటించే ఉష్ణోగ్రత నీడపట్టున, గాలి ఆడే తెల్లని పెట్టెలో ఉంచిన ఉష్ణమాపకం చూపేది. కంకర మీద నిలబడి పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్‌కు, నడి ఎండలో పునాది తవ్వే కూలీకి, ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కే స్త్రీకి వర్తించే అంకె అది కాదు. ఎండలో మాగిన ఇనుప పట్టా వేడి గాలి వేడిని మించి మరో 15, 20 డిగ్రీలు ఎక్కువగా ఉండటం సాధారణమే.

అటువంటి ఎండలో శారీరక శ్రమ చేసేవారి దేహం ఎంత శక్తిని ఖర్చు చేస్తుంది? ఆ ఖర్చును దేశంలోని కూలి లెక్కలు ఎంతవరకు పరిగణిస్తున్నాయి? మొదటి ప్రశ్నకు శరీరశాస్త్రం చాలాకాలం క్రితమే సమాధానం చెప్పింది. రెండవ దానికి కార్మిక చట్టాలలో దొరికే సమాధానం మాత్రం అసంపూర్ణంగా ఉంది.

ఖరగ్‌పూర్‌లో ఈ విషయం తెలుగువారికి పరాయిది కాదు. వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న తూర్పు కోస్తా రైలుమార్గాన్ని 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ స్వీకరించింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలకు, ఖరగ్‌పూర్‌కు ఒకే యజమాని ఏర్పడినట్లయింది. పట్టాలు వేయడానికి, వర్క్‌షాపులో చేరడానికి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచిన నాయకులలో, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. ఖరగ్‌పూర్‌తో సహా తెలుగువారు అధికంగా ఉన్న ప్రాంతాలను దృష్టిలో ఉంచుకుని తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించడం విదితమే. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పాఠ్యపుస్తకాలలో చోటు సంపాదించిన ఇక్కడి ప్లాట్‌ఫారం ఆ ఖ్యాతిని 2013లో గోరఖ్‌పూర్‌కు వదులుకుంది. 2023లో అది హుబ్బళ్లికి దక్కింది. పట్టాల పక్కన జరిగే పని స్వభావం మాత్రం అంతగా మారలేదు. యంత్రాలు వచ్చిన మాట నిజమే. కాని యంత్రం వెళ్లలేని చోట పార, గునపం, సుత్తి, మనిషి భుజమే నేటికీ ఆధారం. ప్రధాన మార్గాలలో వాడే పట్టా మీటరుకు 60 కిలోలు తూగుతుంది. 13 మీటర్ల పట్టా ఒక్కటే 780 కిలోలు.

పైగా ఎండలు ముదిరిన కొద్దీ రైలుమార్గంపై పని పెరుగుతుంది తప్ప తగ్గదు. అతుకులు లేకుండా వెల్డింగ్ చేసిన పొడవాటి పట్టాలు వేడికి వ్యాకోచించి పక్కకు వంగిపోయే ప్రమాదం ఉంది. కనుక పట్టాలను బిగించిన ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే పట్టా వేడి 20 డిగ్రీలు మించినప్పుడు వేసవి గస్తీ తిప్పాలని రైల్వే నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ఊరంతా తలుపులు మూసుకునే వేళకే గస్తీవాడు బయలుదేరవలసి వస్తున్నదన్నమాట.

దేహమనే కొలిమి

కదలకుండా విశ్రాంతిగా ఉన్న వయోజనుడి శరీరం నిమిషానికి ఇంచుమించు ఒక కేలరీ ఖర్చు చేస్తుంది. (ఇక్కడ కేలరీ అంటే ఆహార నిపుణుల వాడుకలోని కిలో కేలరీ అని గ్రహించాలి.) మట్టి తవ్వడం, పారతో ఎత్తిపోయడం, బరువుతో మెట్లెక్కడం వంటి పనులలో ఈ ఖర్చు ఐదారు రెట్లు అవుతుంది. అంటే గంటకు 300 నుంచి 360 కేలరీలు. ఇందులో కండరాలు నికరమైన పనిగా మార్చగలిగేది నాలుగో వంతుకు మించదు. నడుము వంచి పార పట్టే పనులలో అంతకూడా ఉండదు. మిగిలినదంతా వేడిగా మారి శరీరంలోనే ఉత్పత్తి అవుతుంది. బొగ్గు ఇంజను సంగతి తెలిసిన రైల్వే పట్టణంలో ఈ లెక్కను వేరే వివరించనక్కరలేదు.

గంటకు 270 కేలరీల వేడి పుడుతున్నదనుకుందాం. 65 కిలోల బరువున్న మనిషి శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 54 కేలరీలు చాలు. లోపల పుట్టిన వేడి బయటకు పోయే దారి పూర్తిగా మూసుకుపోతే గంటలో శరీరం ఐదు డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ లెక్కన అరగంట దాటిన కొద్దిసేపటికే 37 డిగ్రీల దేహం ప్రాణాపాయకరమైన 40 డిగ్రీలకు చేరుతుంది. అలా జరగకుండా కాపాడుతున్నది చెమట. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. కాబట్టి 270 కేలరీలకు అర లీటరు చెమట సరిపోవాలి.

కాని ఈ లెక్క నీడలో, చల్లని గాలిలో పనిచేసేవానిది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేడిగా ఉంటే శరీరం గాలికి వేడిని ఇవ్వదు సరికదా, గాలి నుంచే తీసుకుంటుంది. దానికి తోడు నెత్తిమీది సూర్యుడు, కాళ్ల కింది కంకర, పక్కనున్న కాంక్రీటు గోడ. తీవ్రమైన ఎండలో ఇవన్నీ కలిసి గంటకు వంద నుంచి రెండు వందల కేలరీల వేడిని శరీరంపై మోపగలవు. ఆ భారాన్ని కూడా చెమటే మోయాలి. పైగా కారి నేల పాలైన చెమట, చొక్కాకు పట్టిన చెమట చల్లబరచడంలో అంతగా పనికిరావు. అందువల్ల గంటకు లీటరు, ఒక్కోసారి అంతకుమించి చెమట పోవడం విపరీతమేమీ కాదు. ఎనిమిది గంటల పనిదినంలో ఎంత నీరు తిరిగి లోపలికి చేరాలో దీనినిబట్టి ఊహించవచ్చు.

దాహం కూడా నమ్మదగిన కొలమానం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఎడారులలో సైనికులపై పరిశోధనలు చేసిన ఇ.ఎఫ్. అడాల్ఫ్ బృందం ఈ సంగతిని నిర్ధారించింది. నీరు అందుబాటులో ఉన్నప్పటికీ, పనిలో ఉన్న మనిషి కోల్పోయినంత నీరు తాగడు. భోజనవేళ వరకు లోటుతోనే ఈడుస్తాడు. నిర్మాణ ప్రదేశాలలో మరుగుదొడ్లు లేని చోట స్త్రీలు కావాలనే నీరు తగ్గించుకుంటారన్నది అందరూ ఎరిగిన, ఎవరూ లెక్కవేయని విషయం.

వేడి దేశాలకు తక్కువ తిండి

ఇక్కడ ఒక ముఖ్యమైన అపోహను తొలగించవలసి ఉంది. ఎండలో పనిచేస్తే కేలరీలు విపరీతంగా ఖర్చవుతాయని సాధారణంగా అనుకుంటారు. శరీరం వేడెక్కినప్పుడు జీవక్రియ కొంత హెచ్చే మాట వాస్తవమే. కాని ఒకే పనిని చలిలో చేసినా, ఎండలో చేసినా ఆహారశక్తి ఖర్చులో తేడా స్వల్పం. చెమట తయారీకి అయ్యే కేలరీలు అత్యల్పం.

గత శతాబ్దంలో ఈ వాస్తవం వింత మలుపు తిరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1950లోనూ, 1957లోనూ నియమించిన నిపుణుల సంఘాలు వేడి దేశాల ప్రజలకు ఆహార అవసరం తక్కువని భావించాయి. సగటు వార్షిక ఉష్ణోగ్రత 10 డిగ్రీలను మించిన ప్రతి 10 డిగ్రీలకు కేలరీల అవసరంలో 5 శాతం తగ్గించవచ్చని అవి సూచించాయి. ఖరగ్‌పూర్ వంటి పట్టణం సగటును 27 డిగ్రీలుగా తీసుకుంటే ఈ కోత 8 శాతం దాటుతుంది. మూడు వేల కేలరీలు కావలసిన కూలివాని పళ్లెంలో సుమారు 70 గ్రాముల బియ్యం తగ్గినట్లు. ఈ సవరణకు తగిన ఆధారం లేదని 1970 దశకం ఆరంభంలో సమావేశమైన తరువాతి సంఘం దానిని విడిచిపెట్టింది. కాగితం మీద ఆ నియమం నిలిచినంతకాలం ఉష్ణదేశాల శ్రామికునికి ఎండ ఒక రాయితీగా చూపబడింది!

నిజానికి ఎండ వసూలు చేసేది మరో ఖాతా నుంచి. పనిచేసే కండరానికి రక్తం కావాలి. వేడిని బయటకు పంపడానికి చర్మానికీ రక్తం కావాలి. విశ్రాంతిలో గుండె నిమిషానికి పంపేది సుమారు ఐదు లీటర్లు. తీవ్రమైన వేడిలో ఒక్క చర్మానికే ఏడెనిమిది లీటర్ల రక్తం మళ్లగలదని ప్రయోగాలు చెబుతున్నాయి. చెమట పోయి రక్తంలో నీరు తగ్గుతూ ఉండగా ఈ రెండు గిరాకీలను తీర్చడానికి గుండె వేగం పెంచక తప్పదు. ఉదయం ఏడు గంటలకు సునాయాసంగా మోసిన తట్టనే మధ్యాహ్నం ఒంటిగంటకు మోయడానికి గుండె ఎంతో వేగంగా కొట్టుకోవడానికి కారణం ఇదే. తట్ట బరువు పెరగలేదు, కేలరీల ఖర్చూ పెద్దగా పెరగలేదు. గుండెకున్న నిల్వ సామర్థ్యం మాత్రం తరిగిపోయింది.

భారతీయ కార్మికులకు ఎంత పని సహేతుకమన్న విషయమై 1979లో ఒక అధ్యయనం వెలువడింది. రోజంతా చేసే పనికి శరీరపు గరిష్ఠ సామర్థ్యంలో 35 శాతాన్ని మించకూడదని, గుండె వేగం నిమిషానికి 110 ప్రాంతంలో ఉండాలని అందులో శాస్త్రజ్ఞులు సూచించారు. శక్తి పరంగా అది నిమిషానికి నాలుగు కేలరీల పైచిలుకు. పార, తట్ట పనులు దానిని చల్లని పూటే దాటిపోతాయన్నది గమనార్హం. మధ్యమధ్య నీడలో కూర్చోవడం, బీడీ ముట్టించడం, పార మార్చుకోవడం వంటివి పనిదొంగతనం కింద మేస్త్రీల కంటికి కనబడవచ్చు. శరీరశాస్త్రం దృష్టిలో అవి సగటును అదుపులో ఉంచే యత్నాలే.

మూడు ఉష్ణమాపకాలు

పొడి వేడి, తేమ వేడి ఒకటి కావు. బెంగాల్‌లో కాలబైశాఖి వానకు ముందు ఉక్కపోసే రోజున 37, 38 డిగ్రీలే ఉండవచ్చు. గాలిలో తేమ నిండి ఉండటం వల్ల చెమట ఆరదు. అందుచేత పొడిగాలి వీచే 44 డిగ్రీల రోజుకంటే ఆ రోజే కూలీకి ఎక్కువ ప్రమాదకరం కావచ్చు. ఈ తేడాను పట్టుకోవడానికి 1950 దశకంలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాలలో ఒక సూచికను రూపొందించారు. తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకెకు 70 శాతం, ఎండలో ఉంచిన నల్లని గోళంలోని ఉష్ణమాపకానికి 20 శాతం, మామూలు ఉష్ణమాపకానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చి కూడతారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నేటికీ ఈ పద్ధతినే అనుసరిస్తోంది.

ఉదాహరణకు మామూలు ఉష్ణమాపకం 38, తడి ఉష్ణమాపకం 28, నల్లగోళం 50 డిగ్రీలు చూపుతున్నాయనుకుంటే సూచిక 33.4 అవుతుంది. బెంగాల్ వేసవిలో గాని, కోస్తాంధ్ర వేసవిలో గాని ఇటువంటి మధ్యాహ్నం అరుదు కాదు. వేడికి అలవాటుపడినవారి విషయంలో సైతం శ్రమతో కూడిన పనికి ఈ సూచిక 26, మధ్యస్థమైన పనికి 28 దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. ఊరికే కూర్చున్నవానికి విధించిన హద్దు 33. అంటే పై ఉదాహరణలోని మధ్యాహ్నం ఎండలో ఖాళీగా కూర్చోవడం కూడా హద్దు మీరినట్లే. అక్కడ నిరంతరంగా పార పట్టడం సురక్షితమని చెప్పే ప్రమాణమేదీ లేదు.

వేడికి అలవాటుపడటమన్నది కూడా నిజమైన శారీరక మార్పే. వారం నుంచి రెండు వారాల పాటు రోజూ వేడిలో పనిచేస్తే చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం, గుండె వేగం నెమ్మదించడం జరుగుతాయి. కొన్ని వారాలు పని మానితే ఆ లాభం పోతుంది. ఎండలో పనిచేస్తూ మరణించినవారిలో సగానికి పైగా పనిలో చేరిన తొలి రోజులలోనే చనిపోతున్నారని అమెరికా కార్మిక భద్రతా అధికారులు వెల్లడించడానికి కారణం ఇదే. కొత్తగా వచ్చినవానికి మొదటి రోజు మామూలు పనిలో 20 శాతమే అప్పగించి, రోజుకు మరో 20 శాతం చొప్పున పెంచాలని వారు సలహా ఇస్తున్నారు. ఊరి నుంచి రైలు దిగిన మర్నాడే గుత్త పనికి దిగే వలస కూలీకి ఈ సలహా ఎవరు అమలు చేస్తారు? ఐదో వంతు పని చేసినవానికి పూర్తి కూలి ఇచ్చే గుత్తేదారు ఉన్నాడా?

2700 అనే అంకె చరిత్ర

దేశంలో కనీస వేతన నిర్ణయానికి పునాది 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఆమోదించిన సూత్రాలు. పనిచేసేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు గల కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా పరిగణించి, యూనిట్‌కు రోజుకు 2700 కేలరీల ఆహారం లభించేలా వేతనం ఉండాలన్నది అందులో ప్రధానం. ఈ ఆహార ప్రమాణం డాక్టర్ డబ్ల్యు.ఆర్. ఐక్రాయిడ్ సిఫార్సుల నుంచి తీసుకున్నది. ఆయన 1935 నుంచి 1945 వరకు కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు సంచాలకుడు. 1943 బెంగాల్ కరవుపై విచారణ జరిపిన కమిషన్‌లో సభ్యుడు. 1942 అక్టోబర్ తుపానులో, ఆపై కరవులో అల్లాడిన నాటి మిడ్నపూర్ జిల్లాలోనే ఖరగ్‌పూర్ ఉండేది. ఆ కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా వ్యవహరిస్తున్నది.

ఈ అంకెలో ఒక మెలిక ఉంది. 2700 కేలరీలు మధ్యస్థమైన శ్రమ చేసే వయోజనునికి ఉద్దేశించినవి. ఆ ఐక్రాయిడ్ సంస్థ వారసురాలే 2020లో సవరించిన పట్టికల ప్రకారం 65 కిలోల పురుషునికి మధ్యస్థ శ్రమలో 2710, కఠిన శ్రమలో 3470 కేలరీలు అవసరం. 55 కిలోల స్త్రీకి కఠిన శ్రమలో 2720 కావాలి. మట్టిపని, కాంక్రీటు పని, రాళ్లు మోయడం మధ్యస్థ శ్రమ అని ఎవరూ వాదించరు. రెండు వర్గాల పురుషుల మధ్య తేడా 760 కేలరీలు, అంటే రోజుకు సుమారు 220 గ్రాముల బియ్యం.

భార్యాభర్తలిద్దరూ నిర్మాణ పనికి పోయే కుటుంబాన్ని తీసుకుంటే ఇద్దరికే 6190 కేలరీలు కావాలి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న పిల్లలిద్దరికి తలా 1700 చొప్పున 3400. మొత్తం 9590. మూడు యూనిట్లను 2700తో గుణిస్తే వచ్చేది 8100 మాత్రమే. భార్య కూలి కలిస్తే ఈ లోటు పూడుతుందనవచ్చు. కాని 1957 సూత్రాలు స్త్రీల సంపాదనను లెక్కలోకి తీసుకోకూడదనే స్పష్టంగా పేర్కొన్నాయి.

2019లో అనూప్ సత్పతి నాయకత్వంలోని నిపుణుల సంఘం ఈ ప్రమాణాన్ని 2400 కేలరీలకు తగ్గించాలని సూచించింది. దేశంలో శారీరక శ్రమ తగ్గి, కూర్చుని చేసే పనులు పెరిగాయన్నది ఆ తగ్గింపునకు ఆధారం. సంఘానికి న్యాయం చేయాలంటే మిగిలిన విషయాలనూ చెప్పాలి. ప్రొటీన్, కొవ్వుల ప్రమాణాలను అది జోడించింది. కుటుంబాన్ని 3 నుంచి 3.6 యూనిట్లకు పెంచింది. 2018 ధరల ప్రకారం రోజుకు రూ. 375 జాతీయ కనీస వేతనాన్ని సిఫార్సు చేసింది. అప్పటి జాతీయ కనీస స్థాయి వేతనం రూ. 176 కాగా, తరువాత అది పెరిగింది రెండు రూపాయలే. అయినా ఆ లెక్కన వచ్చే 8640 కేలరీలు కూడా పై కుటుంబానికి చాలవు. సగటు మీద ఆధారపడటంలోని చిక్కే ఇది. కార్యాలయంలో గుమాస్తా కుర్చీ ఎక్కినందువల్ల బయట కూలీ మోసే తట్ట తేలిక కాదు. 2020లో కేంద్రం ప్రచురించిన వేతన కోడ్ ముసాయిదా నిబంధనలు 2700 ప్రమాణాన్నే నిలుపుకోవడం కొంత ఊరట.

2700 అయినా, 2400 అయినా, ఈ వాదమంతా అన్నం చుట్టూనే తిరుగుతున్నది. ఎండకు అదనంగా పోయే నీరు, గుండె శ్రమ, విశ్రాంతికి కావలసిన సమయం ఏ పట్టికలోనూ లేవు. రోజుకూలీకి విశ్రాంతి ఇస్తే యజమానికి నష్టం. ఘనపు మీటర్ల లెక్కన మట్టికి కూలి కడితే నష్టం కూలీదే. కొలత పద్ధతిలో శరీరం చేసిన పని కనబడుతుంది, శరీరం పడిన పాటు కనబడదు. ఊరూరా తిరిగి కాలువలు, చెరువులు, గుట్టలు తవ్విన పాలమూరు కూలీలు, వడ్డెర కుటుంబాలు తరతరాలుగా ఈ కొలత కింద పనిచేసినవారే.

ఈ లోపాన్ని ఒక ప్రభుత్వ పథకం గుర్తించిన ఉదాహరణ తెలుగునాటనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ ఉపాధి హామీ పనులకు కొలత ప్రకారం వచ్చే కూలిపై వేసవి భత్యం చెల్లించారు. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలలలో 30, జూన్‌లో 20 శాతం. మే నెలలో తవ్విన మట్టి, డిసెంబర్‌లో తవ్విన మట్టి ఒకటి కాదని ప్రభుత్వ లెక్కల పుస్తకం అంగీకరించడం విశేషమే. పట్టణాలలోని భవన నిర్మాణంలో, రైల్వే గుత్త పనులలో ఇటువంటి లెక్క వాడుకలోకి రాలేదు.

కప్పు కింద ఒక న్యాయం

చట్టాల పరిస్థితి చిత్రంగా ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద పలు రాష్ట్రాలు చేసిన నిబంధనలు పనిగదిలో తడి ఉష్ణమాపకం 30 డిగ్రీలు దాటరాదని హద్దు విధించాయి. ఆ రక్షణ వర్క్‌షాపు కప్పు కింద పనిచేసేవారికి. గోడ దాటి బయట మట్టి తవ్వేవారికి అంకె రూపంలో అటువంటి హద్దు లేదు. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం సంక్షేమ మండళ్లను ఏర్పరచింది. నిర్మాణ వ్యయంపై ఒక శాతం సెస్సు వసూలుకు అదే ఏడాది మరో చట్టం దారి వేసింది. తాగునీరు, విశ్రాంతి గదుల ప్రస్తావన ఉన్నా, ఎంత వేడికి పని ఆపాలో మాత్రం ఎక్కడా చెప్పలేదు.

గల్ఫ్ దేశాల అనుభవం కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలకు బాగా తెలుసు. కువైట్‌లో వేసవి మధ్యాహ్నాలు, యుఎఇలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు పగలు 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పనిపై నిషేధం ఉంది. కతార్ 2021లో ఈ నిషేధాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు విస్తరించింది. పైన చెప్పిన మూడు ఉష్ణమాపకాల సూచిక 32.1 దాటితే ఏ వేళనైనా పని ఆపాలని ఆదేశించింది. ఆ దేశాలలో వలస కార్మికుల దుస్థితిపై వచ్చిన విమర్శలు తక్కువేమీ కాదు, అమలులో లోపాలూ ఉన్నాయి. కాని చట్టంలో ఒక అంకె ఉంది. దోహాలో ఆ అంకె రక్షణ పొందిన తాపీ మేస్త్రీ, స్వగ్రామానికి వచ్చి ఇల్లు కట్టేటప్పుడు ఆ రక్షణ కోల్పోతున్నాడు.

ఆర్థికంగా చూసినా ఉపేక్షించదగిన విషయం కాదు. వేడి కారణంగా 1995లో భారతదేశం 4.3 శాతం పనిగంటలు కోల్పోయిందని, 2030 నాటికి ఇది 5.8 శాతానికి, అంటే 3.4 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానమైన స్థాయికి చేరగలదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. సూచిక 20 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి ఉత్పాదకత 2, 3 శాతం చొప్పున పడిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ 2025లో సంయుక్తంగా ప్రకటించాయి. ఉత్పాదకత పడిపోవడమంటే శరీరం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించడమే. కొలత కూలి, మేస్త్రీ అదలింపు ఆ వేగాన్ని తగ్గనివ్వకపోతేనే వడదెబ్బ. 2015 మే నెలలో దేశవ్యాప్తంగా వడగాడ్పులకు బలైన రెండు వేల పైచిలుకు మందిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారే. వడదెబ్బను తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు రూ. 4 లక్షల పరిహారం నిర్ణయించింది.

వడదెబ్బ కంటికి కనబడే మరణం. నెమ్మదిగా జరిగే నష్టం వేరు. మధ్య అమెరికాలో చెరకు కోసే యువకులలో విస్తరించిన మూత్రపిండాల వ్యాధికి ఎడతెగని వేడి, శ్రమ, నీటి లోటు ముఖ్య కారణాలని పరిశోధకులు భావిస్తున్నారు. అక్కడి తోటలలో నీరు, నీడ, విశ్రాంతి అనే మూడింటిని క్రమబద్ధం చేసే కార్యక్రమాలు మొదలయ్యాయి. ఖరగ్‌పూర్ నుంచి దక్షిణంగా ఇదే రైలుమార్గంపై ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట, పలాస పరిసరాలలోని ఉద్దానం ప్రాంతం కూడా దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నది. అక్కడ కారణం ఇదేనని తేలలేదు. నీటిలోని పదార్థాలు, పురుగుమందులు, వంశపారంపర్యం మొదలైన అనేక కోణాలలో అన్వేషణ సాగుతున్నది. శ్రమజీవుల శరీరంలో నీటి లోటు ఆ జాబితాలో ఒకటి. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి.

చికిత్సకంటే నివారణ చవక అన్న సంగతి శ్రామికులకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. బెంగాలీలు పాంతా భాత్ అని, ఒరియాలు పఖాళ అని, ఉత్తరాంధ్రవారు చద్దన్నం, తరవాణి అని పిలిచేది ప్రాథమికంగా ఒకటే. అన్నంతో పాటు నీరు, ఉప్పు శరీరానికి చేర్చే ఉపాయం. లీటరు చెమటతో ఒకటి నుంచి మూడు గ్రాముల ఉప్పు పోతుంది కనుక వట్టి నీరు చాలదు. చక్కెర, ఉప్పు కలిపిన ద్రావణం ప్రాణాలు నిలుపుతుందని 1971లో బంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ కలరా రోగులపై నిరూపించారు. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ లభించింది. పని మధ్యలో ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీరు తాగాలన్నది నేటి నిపుణుల సలహా. దానికి కావలసింది గ్లాసు నీరు ఒక్కటే కాదు. పార కింద పెట్టి కుండ దాకా నడిచే ఆ రెండు నిమిషాలకు కూడా కూలి లెక్క కట్టాలి.

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చాయి. వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం పని ప్రదేశాల ప్రమాణాలను నిర్ణయించే అధికారం కేంద్రానికి ఉంది. యజమాని బాధ్యతల జాబితాలో ఉష్ణోగ్రత, తేమ అనే మాటలు ఉన్నాయి. ఆరుబయట పనికి ఎన్ని డిగ్రీల వద్ద ఎన్ని నిమిషాల విశ్రాంతి, ఆ నిమిషాలకు ఎవరు చెల్లించాలి అన్న రెండు అంకెలను నింపడానికి చట్టాన్ని మళ్లీ సవరించనక్కరలేదు. నిబంధనలు చాలు.